మొదట విడిపోయిందెవరు?



ఈవేళ మనం ఒక పాత తగాదా గురించి మాట్లాడుకుందాం. తగాదా పడుతున్నది జంతుశాస్త్రవేత్తలు. విషయం మాత్రం మనందరి వంశానికి సంబంధించింది. చీమ నుంచి తిమింగలం దాకా, నత్త నుంచి మనిషి దాకా, ఇప్పుడు బతికున్న జంతువులన్నీ ఒకే మూలజీవి సంతానం. ఆ మూలజీవి 60 కోట్ల ఏళ్ల కంటే ముందే సముద్రంలో బతికింది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. ఆ సంతతి మొట్టమొదటిసారి రెండు శాఖలుగా చీలింది. ఒక శాఖలోంచి మనమూ, చేపలూ, పీతలూ, పురుగులూ, జెల్లీఫిష్‌లూ వచ్చాం. మరి రెండో శాఖగా విడిపోయి తన దారిన తాను వెళ్లిపోయిందెవరు? ఈ స్థానానికి ఇద్దరు పోటీదారులు ఉన్నారు. ఒకరు స్పంజికలు. రెండోవారు కోంబ్ జెల్లీలు. ఇద్దరూ ఈనాటికీ సముద్రాల్లో ఉన్నారు. క్రోమోజోముల సాక్ష్యం ఈ తగాదాను కోంబ్ జెల్లీల వైపు గట్టిగా మొగ్గేలా చేసిందని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో, ఎదుటి పక్షం ఏమంటుందో, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు పోటీదారుల్ని పరిచయం చేసుకుందాం. స్పంజిక సముద్రం అడుగున రాయికి అతుక్కుని ఉంటుంది. దానికి నోరు లేదు, పొట్ట లేదు, కండరం లేదు, నాడి లేదు. ఒంటినిండా సన్నని రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు లోపలికి లాక్కుని, అందులోని సూక్ష్మజీవుల్ని వడగట్టి తింటుంది. కోంబ్ జెల్లీ సంగతి వేరు. గాజులా పారదర్శకంగా ఉండే ఒళ్లు. ఆ ఒంటి మీద పైనుంచి కిందికి ఎనిమిది నిలువు వరసలు. ఒక్కో వరసలో సన్నని శైలికలు దువ్వెన పళ్లలా పేర్చి ఉంటాయి. అందుకే ఆ పేరు. ఇంటర్లో జువాలజీ చదివినవాళ్లకు టీనోఫోరా అంటే గుర్తొస్తుంది. ఆ దువ్వెనలు అల్లల్లాడుతుంటే వాటి మీద పడిన వెలుగు చెదిరి, ఇంద్రధనుస్సు రంగులు ఒంటి పొడుగునా పరుగులు పెడతాయి. పేరులో జెల్లీ ఉంది గానీ ఇది జెల్లీఫిష్‌కి దగ్గర చుట్టం కాదు. జెల్లీఫిష్ కుడుతుంది. కోంబ్ జెల్లీ జిగురుతో పట్టుకుంటుంది. దానికి కండరాలున్నాయి, నాడీకణాలున్నాయి. చిన్న చిన్న జీవుల్ని వేటాడి మింగుతుంది. మెత్తగా కనబడుతుంది గానీ సామాన్యమైనది కాదు. 1980ల్లో ఓడల అడుగున నింపుకునే నీళ్లతో పాటు ఒక జాతి కోంబ్ జెల్లీ నల్లసముద్రంలోకి చేరి, అక్కడి నెత్తళ్లలాంటి చిన్న చేపల వేటనే దెబ్బతీసింది.

ఇప్పుడు చెప్పండి. ఒకవైపు నోరూ నాడీ లేని స్పంజిక. మరోవైపు ఈదుతూ వేటాడే కోంబ్ జెల్లీ. మొదట విడిపోయింది ఎవరై ఉంటారు? ఎవర్నడిగినా స్పంజికే అంటారు. శాస్త్రవేత్తలూ చాలాకాలం అదే అన్నారు. వాళ్ల దగ్గర చూపుకి ఆనే ఆధారం కూడా ఉంది. స్పంజిక లోపల నీటిని తోసే కణాలుంటాయి. ఒక్కో కణానికి ఒక తోక, ఆ తోక మొదట్లో చుట్టూ ఒక కాలరు. అచ్చం అలాంటి కాలరూ తోకా ఉన్న ఏకకణ జీవులు నీళ్లలో విడిగా బతుకుతున్నాయి. వాటి పేరు కోయానోఫ్లాజెల్లేట్లు. జంతువులకు అతి దగ్గరి ఏకకణ బంధువులు అవే. ఈ పోలికను 19వ శతాబ్దంలోనే సూక్ష్మదర్శినితో గమనించారు. కథ సాఫీగా కుదిరింది. ఏకకణ జీవి, తర్వాత స్పంజిక, తర్వాత నాడులున్న జంతువులు. నిచ్చెన మెట్లు ఎక్కినట్టుగా వరస కుదిరిపోయింది. అంత సాఫీగా కుదిరినందుకే కాస్త అనుమానించాల్సింది.

2008లో ఆ వరసకు మొదటి దెబ్బ తగిలింది. చాలా జంతువుల జన్యువుల్ని పోల్చి చూసిన ఒక బృందం, మొదట విడిపోయింది కోంబ్ జెల్లీయే కావచ్చని ప్రకటించింది. చాలామంది నమ్మలేదు. 2013లో ఒక కోంబ్ జెల్లీ పూర్తి జీనోమ్, అంటే దాని డీఎన్ఏ అంతా చదివిన పాఠం, వచ్చింది, 2014లో ఇంకొకటి వచ్చింది. రెండూ అదే మాట అన్నాయి. వెంటనే ఎదుటి పక్షం లేచింది. మీరు లెక్క కట్టిన పద్ధతి తప్పు, పద్ధతి మారిస్తే మళ్లీ స్పంజికే ముందు వస్తుంది అంది. నిజంగానే వచ్చింది కూడా. అక్కడే చిక్కు. అవే జన్యువులు, అవే అక్షరాలు. ఒక గణిత నమూనాతో చూస్తే ఒక జవాబు, ఇంకో నమూనాతో చూస్తే ఇంకో జవాబు. ఇలా జరిగితే తప్పు లెక్క కట్టేవాళ్లలో ఉందా, సాక్ష్యంలోనే ఉందా అని అడగాలి.

సాక్ష్యంలోనే ఇబ్బంది ఉంది. ఎలాగో చూడండి. డీఎన్ఏ భాషలో నాలుగే అక్షరాలు. ఒక జన్యువులో ఒకచోట ఉన్న అక్షరం కాలక్రమంలో మారుతుంది. మారింది మళ్లీ మారుతుంది. ఉన్నవి నాలుగే కాబట్టి, తిరిగి తిరిగి మొదటి అక్షరం దగ్గరికే రావచ్చు. సంబంధం లేని రెండు వంశాల్లో అదే చోట అదే అక్షరం వచ్చి కూర్చోవచ్చు. కోటి రెండు కోట్ల ఏళ్ల చరిత్రకైతే ఇది పెద్ద బాధ కాదు. 60 కోట్ల ఏళ్లకు పైబడిన చరిత్రలో మాత్రం పాత గుర్తుల మీద కొత్త గుర్తులు పడి, కింద ఏముందో తేలని స్థితి వస్తుంది. పైగా కోంబ్ జెల్లీల జన్యువులు చాలా వేగంగా మారాయి. వేగంగా మారిన వంశాన్ని లెక్కలు పొరపాటున చెట్టు మొదట్లోకి నెట్టేస్తాయని నిపుణులకు చిరకాలంగా తెలుసు. స్పంజిక పక్షంవాళ్ల ముఖ్యమైన వాదన ఇదే. అది న్యాయమైన వాదనే. కాబట్టి మనకు కావలసింది మరో రకం సాక్ష్యం. అక్షరంలా ముందుకూ వెనక్కూ తిరగని సాక్ష్యం. ఒకసారి జరిగితే మళ్లీ వెనక్కి పోలేని మార్పు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, ఈ ప్రసంగమంతా దాని మీదే నడుస్తుంది. వెనక్కి పోలేని మార్పు.

అలాంటి మార్పు క్రోమోజోముల్లో దొరికింది. జన్యువులు కణంలో విడివిడిగా ఉండవు. వరసగా కూర్చి, క్రోమోజోములనే పొడుగాటి పోగులుగా ఉంటాయి. మనిషికి 23 జతలు. ఫలానా జన్యువులో ఏ అక్షరం ఉంది అన్నది ఒక ప్రశ్న. ఆ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉంది, దానితో పాటు అక్కడ ఇంకెవరున్నారు అన్నది వేరే ప్రశ్న. క్రోమోజోముల తీరును బట్టి వంశవృక్షం గీయొచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు. స్టర్టెవాంట్, డాబ్జాన్‌స్కీ అనే ఇద్దరు 1930ల్లోనే పండ్ల ఈగల క్రోమోజోముల్లో తిరగబడిన ముక్కల్ని చూసి, వాటి వంశక్రమం కట్టారు. కానీ వాళ్లు చూసింది దగ్గర దగ్గర ఈగల్ని. స్పంజికనూ మనిషినీ అలా పోల్చాలంటే, రెండింటిలో ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో మొత్తం తెలియాలి. అది తెలియడానికి 21వ శతాబ్దం రావలసి వచ్చింది.

ఎందుకంటే జీనోమ్‌ని చదివే యంత్రాలు దాన్ని ముక్కలుగానే చదువుతాయి. ఏ ముక్క ఏ క్రోమోజోముదో అవి చెప్పవు. దీనికి హై-సీ అనే ఒక ఉపాయం కనిపెట్టారు. కణాన్ని ఫార్మాలిన్‌లో ముంచితే, లోపలి డీఎన్ఏ ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. అప్పుడు ఎంజైముతో దాన్ని తునకలుగా కోస్తారు. పక్కపక్కన ఉన్న తునకల్ని ఒకదానికొకటి అతికిస్తారు. తర్వాత చదువుతారు. ఒకే క్రోమోజోముకి చెందిన తునకలు కణంలో పక్కపక్కన ఉంటాయి కాబట్టి, అవే ఎక్కువసార్లు అతుక్కుని కనబడతాయి. వేరే క్రోమోజోమువి అరుదుగా కనబడతాయి. ఈ లెక్కను బొమ్మగా గీస్తే, తెర మీద ఒక మూల నుంచి ఎదురు మూల దాకా ఎర్రని చదరాలు బారు తీరి వస్తాయి. ఒక్కో చదరం ఒక్కో క్రోమోజోము. కాలిఫోర్నియా తీరపు కోంబ్ జెల్లీ హోర్మిఫోరాకి ఇలా చూసినప్పుడు 13 చదరాలు తేలాయి. అంటే 13 జతలు. ముట్టుకుంటే చిరిగిపోయేటంత మెత్తని జంతువు క్రోమోజోముల లెక్క ఇలా తేలింది.

ఇక పోల్చడం ఎలాగంటారా? ఒక గళ్ల కాగితం ఊహించుకోండి. అడ్డంగా ఒక జంతువు క్రోమోజోములు వరసగా రాశాం. నిలువుగా ఇంకో జంతువువి రాశాం. రెండింటిలోనూ ఉన్న ప్రతి జన్యువుకీ, అది ఇక్కడ ఎక్కడుంది, అక్కడ ఎక్కడుంది చూసి, ఒక చుక్క పెడుతూ పోదాం. వేల చుక్కలు పడతాయి. సంబంధమే మిగలకపోతే చుక్కలు కాగితమంతా చల్లినట్టుంటాయి. ఆంఫియాక్సస్ అనే, వెన్నెముక ఇంకా ఏర్పడని చిన్న సముద్ర జీవినీ, స్కాలప్ అనే ఆల్చిప్పనూ ఇలా పోల్చారు. వాటి వంశాలు విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటింది. చుక్కలు చల్లినట్టు లేవు. కొన్ని గళ్లు చుక్కలతో కిక్కిరిసి ఉన్నాయి, మిగతా గళ్లు దాదాపు ఖాళీ. అంటే ఆంఫియాక్సస్‌లో ఒక క్రోమోజోము మీదున్న జన్యువులు, ఆల్చిప్పలోనూ ఒకే క్రోమోజోము మీద ఉన్నాయి. ఇంకో విశేషం. కిక్కిరిసిన గడి లోపల చుక్కలకు క్రమం లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చెదిరిపోయింది. కానీ ఎవరు ఏ క్రోమోజోముకి చెందినవారో చెదరలేదు. క్రమం పోయింది, కూటమి నిలిచింది. మళ్లీ చెబుతున్నాను. జన్యువుల క్రమం పోతుంది, కూటమి నిలుస్తుంది.

ఎందుకిలా? ఒకే క్రోమోజోములో ఒక ముక్క తెగి, తిరగబడి, అక్కడే అతుక్కుంటే జీవికి పెద్ద నష్టం లేకుండానే గడిచిపోవచ్చు. కానీ ఒక క్రోమోజోము ముక్క పోయి ఇంకో క్రోమోజోముకి అతుక్కుంటే, ఆ జీవి అండాలూ శుక్రకణాలూ తయారయ్యేటప్పుడు వాటాలు సరిగా పడవు. కొన్నిటికి జన్యువులు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. సంతానం దెబ్బతింటుంది. అందుకని అలాంటి మార్పు వంశంలో నిలదొక్కుకోవడం కష్టం. కాలం గడిచేకొద్దీ క్రోమోజోము లోపలి క్రమం చిందరవందర అవుతుంది, సరిహద్దు దాటడం మాత్రం అరుదు.

ఇది తెలుసుకోవడానికి ఎందుకింత ఆలస్యమైందంటే, మొదట్లో మనం తప్పు జంతువుల్ని చూశాం. పూర్తి జీనోమ్ మొదట చదివిన జంతువు 1998లో ఒక నులిపురుగు. తర్వాత 2000లో పండ్ల ఈగ. రెండూ ప్రయోగశాల ముద్దుబిడ్డలు. రెండింటి క్రోమోజోములూ విపరీతంగా కలబోసుకున్నవే. వాటిని మనిషితో పోల్చి, పాత ఏర్పాటేదీ మిగల్లేదనుకున్నారు. 2007లో నెమటోస్టెల్లా అనే సముద్ర అనిమోన్ జీనోమ్ వచ్చి ఆ అభిప్రాయాన్ని తిరగేసింది. జన్యువుల కూటముల విషయంలో ఈగ కంటే ఆ అనిమోనే మనకు దగ్గరగా ఉంది. సముద్ర జంతువుల వైపు చూపు మళ్లింది అందుకే. జంతు వంశాల్లో పాత శాఖలన్నీ సముద్రంలోనే ఉన్నాయి. నేల మీదికొచ్చినవి కొన్ని కొమ్మలు మాత్రమే. 2022లో ఒలెగ్ సిమకోవ్, డేనియల్ రాక్సర్, వాళ్ల సహచరులు స్పంజికలు, అనిమోన్లు, జెల్లీఫిష్‌లు, ఆల్చిప్పలు, ఆంఫియాక్సస్ అన్నిటినీ పక్కపక్కన పెట్టి, 29 పురాతన కూటములు ఉన్నాయని తేల్చారు. ఇన్ని జంతువుల క్రోమోజోముల్నీ ఆ 29 కూటములు రకరకాలుగా చేరి ఏర్పడినవిగా చెప్పొచ్చన్నమాట.

ఇక అసలు కిటుకు దగ్గరికి వద్దాం. రెండు క్రోమోజోములు ఒక్కోసారి చివరలు అతుక్కుని ఒకటవుతాయి. ఒక డబ్బాలో కందిపప్పు ఉంది, ఇంకో డబ్బాలో పెసరపప్పు ఉంది. పెద్ద డబ్బాలో కింద కందిపప్పు, దాని మీద పెసరపప్పు పోశాం. ఇంకా కుదపలేదు. పైది పైన, కిందిది కింద ఉంది. కావాలంటే పైపైన తీసి వేరు చేసుకోవచ్చు. ఇప్పుడు డబ్బా మూత పెట్టి బాగా కుదపండి. రెండు పప్పులూ కలగలిసిపోయాయి. ఇంకెంత కుదిపినా అవి వాటంతటవి కంది ఒకవైపు, పెసర ఒకవైపు విడిపోవు. క్రోమోజోముల్లోనూ అంతే. అతుక్కోవడం ఒక ఘట్టం, కలగలిసిపోవడం రెండో ఘట్టం. అతుక్కుని ఊరుకుంటే మళ్లీ విడిపోవచ్చు. కలగలిసిపోతే ఇక వెనక్కి పోలేవు. మనం వెతుకుతున్న వెనక్కి పోలేని మార్పు ఇదే.

ఉత్తి అతుకు ఎంత చౌకైన సాక్ష్యమో తెలియాలంటే సముద్రం వదిలి ఒక్క క్షణం అడవిలోకి రండి. మన పాపికొండల్లోనూ తిరిగే మొరిగే జింకలో ఆడదానికి 6 క్రోమోజోములు, మగదానికి 7. దాని దగ్గరి చుట్టమైన చైనా మొరిగే జింకకు 46. పరిణామ కాలంలో అతి కొద్ది వ్యవధిలోనే ఇన్ని అతుకులు పడ్డాయన్నమాట. మన ఒంట్లో కూడా ఒక అతుకుంది. చింపాంజీకి 24 జతలు, మనకు 23. వాటి రెండు క్రోమోజోములు మనలో చివరలు కలిసి 2వ క్రోమోజోము అయ్యాయి. ఆ అతుకు పడినచోట పాత చివరల ఆనవాళ్లు ఇప్పటికీ కనబడుతున్నాయి. అది అతుకే, కలగలుపు ఇంకా కాలేదు. కాబట్టి ఎవరైనా ఉత్తి అతుకును చూపించి వంశక్రమం చెబితే నేను తొందరపడి నమ్మను. అతుకుతో పాటు కలగలుపు కూడా చూపిస్తే వింటాను.

2023లో డారిన్ షుల్ట్జ్, స్టీవెన్ హాడాక్, రాక్సర్, సిమకోవ్ కలిసి చూపించింది సరిగ్గా అదే. బొలినోప్సిస్ అనే కోంబ్ జెల్లీ, రెండు సముద్ర స్పంజికలు, వీటితో పాటు జంతువులకు దగ్గరి బంధువులైన మూడు ఏకకణ జీవులు. వీటన్నిటి జీనోములనూ క్రోమోజోముల స్థాయిలో తెలుసుకున్నారు. ఏకకణ జీవులు ఎందుకంటే, ఏది పాత ఏర్పాటో, ఏది కొత్తదో చెప్పడానికి వెలుపలి కొలమానం ఒకటి కావాలి. తేలిందేమిటి? కొన్ని కూటములు ఏకకణ జీవుల్లో వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి. కోంబ్ జెల్లీలో కూడా వేర్వేరుగానే ఉన్నాయి. స్పంజికలో మాత్రం అవి అతుక్కుని, కలగలిసిపోయి ఉన్నాయి. అనిమోన్‌లోనూ, మనవైపు వంశాల్లోనూ అవే కూటములు అలాగే కలగలిసి ఉన్నాయి. ఇంకోసారి చెబుతాను. ఏకకణ జీవిలో విడి. కోంబ్ జెల్లీలో విడి. స్పంజికలో కలిసింది. మనవైపు కలిసింది. సూటిగా చెప్పాలంటే, కోంబ్ జెల్లీ విడిపోయి వెళ్లిన తర్వాత, స్పంజికకూ మనకూ ఉమ్మడి పూర్వజీవిలో ఆ కలగలుపు జరిగింది. కాబట్టి మొదట విడిపోయింది కోంబ్ జెల్లీ.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ఈ కలగలుపు స్పంజికల్లో ఒకసారి, మనవైపు ఒకసారి, విడివిడిగా జరిగి ఉండకూడదా? జరగొచ్చు. 29 కూటముల్లోంచి రెండేసి జతలు కడితే 406 రకాల జతలు వస్తాయి. ఒకే జత రెండు వంశాల్లో యాదృచ్ఛికంగా కుదరడం అసాధ్యం కాదు. చిన్న క్రోమోజోములు అతుక్కోవడానికి ఎక్కువ మొగ్గు చూపుతాయనుకుంటే, ఆ అవకాశం ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఒక్క జతే చూపించి ఉంటే నేను కూడా యాదృచ్ఛికం అనే అనేవాణ్ణి. కానీ ఒకటికి మించి కూటముల జతలు, ఒకే దిశగా, ఒకే కథ చెబుతున్నాయి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. దీనికి ఎదురుగా ఉండే కలగలుపు, అంటే కోంబ్ జెల్లీలోనూ మనలోనూ కలిసి ఉండి, స్పంజికలో మాత్రం విడిగా ఉన్నది వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. కేవలం యాదృచ్ఛికమే అయితే రెండు వైపులా కొన్ని కొన్ని దొరకాలి కదా.

రెండో అభ్యంతరం. కోంబ్ జెల్లీలో కూడా మొదట కలిసే ఉండి, తర్వాత విడిపోయి ఉండొచ్చు కదా? ఇక్కడే పప్పుల డబ్బా మళ్లీ పనికొస్తుంది. 10 కందిపప్పు బద్దలూ, 10 పెసరపప్పు బద్దలూ కళ్లు మూసుకుని వరసగా పేరిస్తే, అన్ని కందులూ ఒకవైపు, అన్ని పెసలూ ఒకవైపు రావడం సుమారు 92 వేల సార్లలో ఒక్కసారి. ఇరవై బద్దలకే ఇంత. కూటముల్లో జన్యువుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ అవకాశం సున్నాకి చేరువవుతుంది. పైగా ఊరికే విడిపోతే చాలదు. ఏకకణ జీవుల్లో ఎలా విడిగా ఉన్నాయో, సరిగ్గా అదే గీత దగ్గర విడిపోవాలి. అది జరిగిందనడం కంటే, అసలు కలవనేలేదు అనడమే సులువు.

మూడోది గట్టి అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. ఏకకణ జీవులకూ జంతువులకూ మధ్య దూరం చాలా ఎక్కువ. అంత దూరంలో కూటముల ఆనవాళ్లు పలచబడ్డాయి. జంతువుల మధ్య పోలిక వందల జన్యువుల మీద నిలబడితే, ఏకకణ జీవులతో పోలిక అంతకంటే చాలా తక్కువ జన్యువుల మీద నిలబడుతుంది. ఈ వాదనలో బలహీనమైన కీలు ఇదే. పరిశోధకులకూ అది తెలుసు. అందుకే జన్యువుల్ని కంప్యూటరులో ఇష్టం వచ్చినట్టు కలబోసి, ఇలాంటి పోలిక యాదృచ్ఛికంగా ఎంత తరచుగా వస్తుందో చూశారు. వాళ్లకు దొరికిన స్థాయిలో రావడం చాలా అరుదని తేలింది. అయినా అందరూ ఒప్పుకోలేదు. ఆ తర్వాత కూడా జన్యువుల అక్షరాల్ని విశ్లేషించి మొదటి స్థానం స్పంజికలకే ఇచ్చినవాళ్లున్నారు. తగాదా తీరిపోయిందని నేను చెప్పడం లేదు. మొగ్గు ఎటుందో చెబుతున్నాను.

ఇంకొకరు అడగొచ్చు. క్రోమోజోములు అంత నిలకడైనవైతే, ఆక్టోపస్ మాటేమిటి? నిజమే. ఆక్టోపస్, స్క్విడ్ వంశంలో పాత కూటములు బాగా చెల్లాచెదురయ్యాయి. ఓయికోప్లూరా అనే చిన్న జీవి సంగతి ఇంకా విడ్డూరం. అది సముద్రపు నీటిపై పొరల్లో తేలుతూ బతుకుతుంది. ఒకినావా, ఒసాకా, బార్సిలోనా సముద్రాల్లోంచి పట్టి తెస్తే, మూడూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. జీనోమ్ లోపల జన్యువుల అమరిక మాత్రం గుర్తుపట్టలేనంతగా చెదిరి ఉంది. కాబట్టి ప్రతి జంతువూ పాత ఏర్పాటును దాచుకోదు. కానీ సాక్షి మరిచిపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. చెల్లాచెదురైన జీనోమ్‌లో గళ్ల కాగితం మీద చుక్కలు చల్లినట్టు పడతాయి. ఇక్కడ సమాచారం పోయిందని అదే చెబుతుంది. దాన్ని పక్కన పెట్టి, నెమ్మదిగా మారిన ఆంఫియాక్సస్‌నీ ఆల్చిప్పనీ అడగొచ్చు. అక్షరాల సాక్ష్యానికి ఈ సుగుణం లేదు. అది మరిచిపోయినప్పుడు కూడా ఏదో ఒక జవాబు చెబుతూనే ఉంటుంది.

ఇక చివరిది, ఎక్కువమంది మనసులో మెదిలేది. నాడులున్న కోంబ్ జెల్లీ ముందూ, ఏమీలేని స్పంజిక తర్వాతా ఏమిటి? ఈ ప్రశ్నలో ఒక పొరపాటు దాగి ఉంది. మొదట విడిపోయినంత మాత్రాన పూర్వజీవి ఈనాటి కోంబ్ జెల్లీలా ఉండేదని కాదు. విడిపోయాక ఆ వంశానికీ మన వంశానికీ గడిచిన కాలం ఒక్కటే. ఎవరి దారిలో వాళ్లు మారారు. అప్పుడు నాడుల విషయంలో రెండు దారులే ఉంటాయి. ఉమ్మడి పూర్వజీవికే నాడులుండి, స్పంజికలు వాటిని వదులుకున్నాయి. లేదా కోంబ్ జెల్లీలో ఒకసారి, మనవైపు ఇంకోసారి, నాడులు రెండుసార్లు పుట్టాయి. రెండోదానికి కొంత బలం ఉంది. మన నాడులు వాడే డోపమిన్, సెరటోనిన్ లాంటి రసాయనాల జాడ కోంబ్ జెల్లీలో దొరకలేదని 2014 నాటి జీనోమ్ పరిశోధకులు చెప్పారు. 2023లోనే వచ్చిన ఇంకో పరిశోధన ప్రకారం, పిల్ల కోంబ్ జెల్లీ నాడీవలలో కణాలు మనలోలా విడివిడిగా లేవు. మధ్యలో సందు లేకుండా ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆసక్తికరమే. అంతమాత్రాన నాడులు రెండుసార్లు పుట్టాయని తేల్చెయ్యడం తొందరపాటు. క్రోమోజోములు ఎవరు ముందు విడిపోయారో చెబుతాయి. నాడులు ఎలా పుట్టాయో అవి చెప్పవు.

మరి ఈ వాదన తప్పని తేలాలంటే ఏం జరగాలి? స్పంజికల్లో నాలుగు పెద్ద తరగతులున్నాయి. సున్నపు ముళ్లవి, గాజు ముళ్లవి, ఇంకో రెండు. వీటన్నిటి నుంచీ ఎన్నో జాతుల క్రోమోజోములు ఇంకా చూడవలసి ఉంది. కోయానోఫ్లాజెల్లేట్లలోనూ అంతే. ఏదో ఒక స్పంజికలో, చెల్లాచెదురు కాని జీనోమ్‌లో, మనం చెప్పుకున్న కూటములు కలగలవకుండా విడిగా కనబడ్డాయనుకోండి. అప్పుడు స్పంజికలకూ మనకూ ఉమ్మడి పూర్వజీవిలో ఆ కలగలుపు జరిగిందన్న మాట నిలవదు. ఇంతసేపూ నేను చెప్పిన వంశక్రమాన్ని మళ్లీ మొదటి నుంచి గీయాలి. ఇప్పటిదాకా అలాంటి స్పంజిక దొరకలేదు.